మావాడికి ఏ మాత్ర వేయకూడదో చెప్పింది ఆ పరిశోధనే

"అయాన్ చానెళ్లు, మెదడు కణాల రిసెప్టర్లు అంటూ ఒక శాస్త్రవేత్త జీవితమంతా పరిశోధన చేస్తే మామూలు జనానికి ఒరిగేదేంటి?" అని ఒకరు అడిగారు. మాది నెల్లూరు జిల్లా ఇస్కపల్లి, ఉప్పు పండించే ఇల్లు. నా సైన్సు ఇంటర్‌తో ఆగిపోయింది. అయినా దీనికి జవాబు నేను చెప్పాల్సిందే. మావాడు ఇవాళ బడికి పోతున్నాడంటే అలాంటి పరిశోధన వల్లే.

వాడికి ఏడో నెల. రోహిణీ కార్తె ఎండలు. ఒళ్లు కాలిపోతోందని మా అమ్మ తడిగుడ్డ వేస్తుంటే ఎడమ చెయ్యీ కాలూ కొట్టుకోవడం మొదలైంది. కావలికి ఆటోలో పరుగెత్తాం, దారి పొడవునా ఫిట్స్ ఆగలేదు. తోడొచ్చిన పక్కింటి పెద్దాయన తాళాల గుత్తి తీసి వాడి పిడికిట్లో కుక్కాడు. నేనూ ఆ వేళ్లను గట్టిగా మూసి పట్టుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది. దయచేసి తాళాలు, ఉల్లిపాయలు మానండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, గడియారం చూసుకోండి. అయిదు నిమిషాలు దాటితే ఆలోచించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

తర్వాత ఒక డాక్టరు కార్బమజెపైన్ మొదలుపెట్టారు. ఫిట్స్‌కి చాలామందికి ఇచ్చే మందే. మావాడికి మాత్రం నెలకొకసారి వచ్చేది వారానికి మూడుసార్లు రావడం మొదలైంది. డోసు పెంచారు, ఇంకా ఎక్కువైంది. వేడినీళ్లతో తలంటినా వచ్చేది. బాలపాప చిన్నెలని మా అత్త తాయెత్తు కట్టించింది. రోజూ రెండు పూటలా ఆ మందు నా చేత్తోనే పట్టాను.

చివరికి చెన్నైలో ఒక డాక్టరమ్మ ఫోన్లో నేను తీసిన వీడియోలు చూసి, "వేడినీళ్లకు కూడా వస్తుందా?" అని అడిగారు. వెంటనే ఆ మందు తగ్గించుకుంటూ వచ్చి మాన్పించారు. రక్తం తీసి జీన్ టెస్టుకు పంపారు. డ్రావె సిండ్రోమ్ అని తేలింది, పసితనంలోనే మొదలయ్యే మొండి మూర్ఛ జబ్బు అది. ఎస్‌సీఎన్1ఏ అనే జన్యువులో లోపమట.

ఆమె చెప్పింది నాకు అర్థమైన తీరులో చెబుతాను. మెదడు కణం ఒక మడి అనుకోండి. గట్టుకు మడవలుంటాయి, అయాన్ చానెళ్లంటే అవే. సోడియం మడవ తెరుచుకుంటే సోడియం లోపలికి దూకి కణం రేగుతుంది. చాలా రకాల మూర్ఛల్లో రేగే కణాలు ఎక్కువవుతాయి కాబట్టి ఆ మడవను కట్టేసే మందు ఇస్తారు. కార్బమజెపైన్ పని అదే. కానీ ఆ జన్యువు లోపం వల్ల మావాడిలో పాడైన సోడియం మడవలు ముఖ్యంగా మిగతావాటిని అదుపులో పెట్టే కణాలవి. అవి అసలే సరిగ్గా పనిచేయడం లేదు, మేం వాటిని ఇంకా కట్టేశాం.

ఈ సంగతి ఎలా తెలిసిందో తర్వాత చదువుకున్నాను. అమెరికాలో సియాటిల్‌లో విలియం క్యాటరాల్ అనే ఆయన 1980 ప్రాంతంలో తేలు విషం సాయంతో సోడియం చానెల్ ప్రోటీన్‌ను పట్టుకున్నారు. ఇలాంటి పిల్లలకు కొన్ని మందులు పడవని డాక్టర్లు ముందే గమనించారు. 2001లో బెల్జియంలో ఈ జబ్బుకు కారణమైన జన్యువు దొరికింది. లోపం అదుపు చేసే కణాల్లో ఉందని 2006లో క్యాటరాల్ బృందం ఎలుకల్లో చూపించింది. ఆయన 2024లో పోయారు. తేలు విషంతో కూర్చున్న రోజుల్లో ఆయన్ని కూడా "దీనివల్ల ఏం లాభం?" అని ఎవరో ఒకరు అడిగే ఉంటారు. ఆయన గురించి మన పేపర్లలో నాలుగు ముక్కలు కూడా నా కంటబడలేదు. సినిమా వాళ్ల కుక్కపిల్లల గురించి మాత్రం రోజూ వస్తుంది.

ఇక రిసెప్టర్ల సంగతి. మావాడికి ఇప్పుడు వాల్‌ప్రోయేట్, క్లోబజామ్ అనే మందులు నడుస్తున్నాయి. గాబా అంటే మెదడు కణాలను శాంతపరిచే రసాయనం, దాన్ని అందుకునే కణం మీది భాగమే గాబా రిసెప్టర్. క్లోబజామ్ గాబా రిసెప్టర్‌కు బలమిస్తుంది, దాంతో క్లోరైడ్ ఎక్కువగా లోపలికి వెళ్లి కణం నెమ్మదిస్తుంది. ఉప్పంటే సోడియం, క్లోరైడే కదా! ఒకటి కణాన్ని రేపుతుంది, రెండోది చల్లారుస్తుంది. తాతల నాటి నుంచి మా ఇంట్లో ఉప్పు పోగులు పోస్తున్నాం, ఈ మాట మాకు ఒక్కరూ చెప్పలేదు.

ఏడాది లోపు పిల్లలకు జ్వరంతో ఫిట్స్ అరగంట దాకా సాగితే జీన్ టెస్టు ప్రభుత్వమే చేయించాలి. ఇలాంటి బిడ్డ ప్రతి మండలంలో ఒకరైనా ఉంటారని నా నమ్మకం. తాయెత్తు మాటునో, పెళ్లి సంబంధాలు చెడతాయన్న భయం మాటునో దాగి ఉంటారు.

మావాడికి ఎనిమిదేళ్లు. పూర్తిగా తగ్గలేదు. జ్వరమొస్తే ఇప్పటికీ వస్తుంది, మాటలూ ఆలస్యమే. కానీ వారానికి మూడు అన్న లెక్క పోయింది. బడి సంచిలో ఫిట్స్ ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే పెట్టి పంపుతాం, ఎలా వాడాలో వాళ్ల టీచరమ్మకు నేనే చూపించాను. అది పనిచేసేదీ ఆ గాబా రిసెప్టర్ మీదే.