కుండీలో కొత్తిమీర వాలిపోవడం, మట్టి మీద ఈగలు

గదిలో కిటికీ పక్క కుండీలో కొత్తిమీర సన్నగా సాగి వాలిపోతోంది, మట్టి మీద నల్లటి చిన్న ఈగలు ముసురుతున్నాయి అన్నారు కదండీ. రెండూ వేర్వేరు సమస్యలు.

ఈగలు మీరు మట్టిలో కలిపిన పచ్చి కూరగాయ తొక్కల వల్ల. కుళ్లే తడిలో గుడ్లు పెడతాయి, పిల్లపురుగులు లేత వేళ్లను కొరుకుతాయి. పసుపు జిగురు అట్టలు ఎగిరేవాటినే పడతాయి. పై అంగుళం మట్టి ఆరాకే నీళ్లు పోయడం అసలు మందు. తొక్కలు నల్లటి పొడిగా మాగాకే వేయండి.

కుండీలో నింపే కొత్త మట్టి మిశ్రమం 10 లీటర్లకు: కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) 4, వర్మీకంపోస్టు (వానపాముల ఎరువు) 3, జల్లించిన ఎర్రమట్టి 3 లీటర్లు, గుప్పెడు వేపపిండి (నూనె తీసిన వేపగింజల పిండి). కోకోపీట్‌ను రెండుసార్లు కడిగి పిండండి. ఉప్పు మిగిలితే ఆకు అంచులు మాడతాయి. మిశ్రమాన్ని తడిపి పది రోజులు బాల్కనీలో ఉంచాకే విత్తండి. వేపపిండి వాసన పడకగదిలో భరించడం కష్టం!

వాలడం వెలుతురు చాలక. 20 వాట్ల తెల్ల ఎల్‌ఈడీ ట్యూబు మొక్కలకు అరడుగు పైన, రోజుకు 12 గంటలు వెలగాలి. ఇప్పుడున్న మొక్కల్ని పీకి వేరే కుండీలో నాటకండి, కొత్తిమీర వేరు తట్టుకోదు. ధనియాలు రెండు బద్దలుగా నలిపి, రాత్రంతా నానబెట్టి, అర అంగుళం లోతున మళ్లీ విత్తుకోండి.