కణం నీటిలో ఎందుకు కరిగిపోదు?

ప్రశ్న: జీవకణం బరువులో సుమారు 70 శాతం నీరేనని చదివాను. కణాల చుట్టూ ఉండేదీ నీరే. లోపలా వెలుపలా నీరే ఉన్నప్పుడు చక్కెర కరిగినట్లు కణం కూడా ఎందుకు కరిగిపోదు? దాని పైపొరలోని అణువులు ఒకదానితో ఒకటి గట్టి బంధాలతో అతుక్కుని ఉంటాయా?

జవాబు: మీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, అసలు విశేషం అక్కడే ఉంది. కణపు పైపొరను కణత్వచం అంటారు. అందులో పక్కపక్కనే ఉండే కొవ్వు అణువులను ఒకదానితో ఒకటి కలిపే సంయోజనీయ బంధాలు, అంటే ఎలక్ట్రాన్లను పంచుకోవడం వల్ల ఏర్పడే గట్టి బంధాలు, ఉండవు. పైగా ఒకే వరుసలోని పొరుగు అణువులు సెకనుకు దాదాపు కోటిసార్లు చోట్లు మార్చుకుంటూ ఉంటాయి. అయినా ఆ పొర చెదరదు. దాన్ని చెదరకుండా నిలుపుతున్నది, కరిగించేస్తుందేమోనని మీరు సందేహించిన ఆ నీరే.

నీటి అణువులోని ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తనవైపు ఎక్కువగా లాక్కోవడం వల్ల దానిమీద స్వల్పంగా రుణావేశం, హైడ్రోజన్ల మీద స్వల్పంగా ధనావేశం ఏర్పడతాయి. ఒక అణువులోని హైడ్రోజన్‌కూ పక్క అణువులోని ఆక్సిజన్‌కూ మధ్య ఇలా కలిగే ఆకర్షణే హైడ్రోజన్ బంధం. అది నీటి అణువు లోపలి సంయోజనీయ బంధంలో 20వ వంతు బలం కలది. సెకనులో లక్షకోట్లవ వంతు కాలంలోనే తెగిపోయి, మరో అణువుతో మళ్లీ ఏర్పడుతుంది. చక్కెర అణువు చుట్టూ ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలు ఉంటాయి కనుక అది నీటితో ఇలాంటి బంధాలు కలుపుకుని సులభంగా కరిగిపోతుంది.

త్వచంలోని కొవ్వు అణువుల సంగతి వేరు. వాటిలో భాగమైన కొవ్వు ఆమ్లపు పొడవాటి తోకలో కార్బన్, హైడ్రోజన్ తప్ప మరేమీ ఉండవు. ఆ రెండూ ఎలక్ట్రాన్లను ఇంచుమించు సమానంగా పంచుకుంటాయి కనుక నీరు పట్టుకోవడానికి అక్కడ ఆవేశమంటూ లేదు. అలాంటి తోక నీటిలో ఉంటే, దాన్ని చుట్టుముట్టిన నీటి అణువులు తమ మధ్య బంధాలను కాపాడుకోవడానికి కొన్ని దిశలకే పరిమితమై నిలబడవలసి వస్తుంది; అంటే ఎటుబడితే అటు తిరిగే వాటి స్వేచ్ఛ (శాస్త్ర పరిభాషలో ఎంట్రోపీ) తగ్గుతుంది. తోకలన్నీ ఒకచోట చేరితే నీటికి తగిలే ఉపరితలం తగ్గి, అలా కట్టుబడిన నీటి అణువులకు మళ్లీ స్వేచ్ఛ దొరుకుతుంది. నూనెకు నీరంటే గిట్టదని తరగతుల్లో తేలికగా చెప్పేస్తుంటారు కానీ, ఆ మాటలో తప్పు నూనెమీదికి నెట్టినట్లుంటుంది. నూనెను దూరంగా పెట్టేది నీరు.

త్వచంలోని కొవ్వు అణువును ఫాస్ఫోలిపిడ్ అంటారు; అందులో రెండు స్వభావాలూ కలిసే ఉంటాయి. ఆవేశమున్న ఫాస్ఫేట్ తల నీటిని కోరుతుంది. సాధారణంగా 16 నుంచి 18 కార్బన్ల పొడవుండే రెండు తోకలు నీటికి దూరమవుతాయి. అందుకే ఈ అణువులు తలలు రెండువైపులా నీటికి ఆనేట్లు, తోకలు నడుమ దాగేట్లు రెండు వరుసలుగా అమరుతాయి. ఈ జంటపొర మందం సుమారు 5 నానోమీటర్లు. పొరకు అంచు ఉంటే అక్కడి తోకలు నీటికి తగులుతాయి కాబట్టి అది తనంతట తానే ముడుచుకుని సంచిలా మూసుకుంటుంది. చిన్న చిరుగు పడినా అదే కారణంతో పూడుకుంటుంది.

జంటపొర అన్న ఊహకు తొలి ఆధారం 1925లో దొరికింది. నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు గోర్టర్, గ్రెండెల్ ఎర్ర రక్తకణాల నుంచి ఎసిటోన్‌తో కొవ్వును వేరుచేసి, నీటిమీద ఒకే అణువు మందాన పరిచి కొలిచారు. ఆ వైశాల్యం కణాల ఉపరితలానికి రెండింతలుగా తేలింది. తమాషా ఏమిటంటే, వారు కొవ్వును పూర్తిగా రాబట్టలేకపోయారు, కణాల ఉపరితలాన్నీ తక్కువగా లెక్కగట్టారు. ఆ రెండు పొరపాట్లూ ఒకదాన్నొకటి రద్దుచేసుకోవడంతో సరైన నిర్ణయమే వెలువడింది.

కణాన్ని కరిగించడం అసాధ్యమేమీ కాదు. సబ్బు అణువుకు ఒకే తోక ఉండటం వల్ల అది చదునైన పొరగా కాక చిన్న గోళాలుగా పోగవుతుంది. తగినంత సబ్బు కలిస్తే అది కొవ్వు అణువులను తన గోళాల్లోకి లాగివేయగా త్వచం ముక్కలైపోతుంది. ప్రయోగశాలల్లో కణంలోని ప్రోటీన్లను బయటికి తీయడానికి ఈ జాతి పదార్థాలనే వాడతారు.

ప్రశ్న: నడుమ నూనెలాంటి పొర ఉంటే మరి నీరు కణంలోకి ఎలా వెళ్తుంది?

జవాబు: మొత్తంమీద ఆవేశం లేని చిన్న అణువు కావడంతో నీరు కొంతమేరకు కొవ్వుపొరలోంచే దూరిపోగలదు. సోడియం వంటి అయాన్లు (ఆవేశమున్న కణికలు) మాత్రం నీటికన్నా వందకోట్ల రెట్లకు పైగా నిదానంగా దాటుతాయి. కానీ ఎర్ర రక్తకణాలకు, మూత్రపిండాల కణాలకు నీరు అలా కొద్దికొద్దిగా దూరే వేగం చాలదు. వాటి త్వచాల్లో ఆక్వాపోరిన్ అనే ప్రోటీన్ దారులు ఉంటాయి. 1992లో అమెరికా శాస్త్రవేత్త పీటర్ ఏగ్రే బృందం, ఈ ప్రోటీన్‌ను తయారుచేసే ఆర్‌ఎన్‌ఏను కప్ప అండకణాల్లోకి ఎక్కించి, వాటిని పలుచని ద్రావణంలో ఉంచింది. నీరు లోపలికి చొరబడి అవి నిమిషాల్లోనే ఉబ్బి పగిలిపోయాయి. ఆర్‌ఎన్‌ఏ ఎక్కించని అండకణాలు చెక్కుచెదరలేదు. ఈ ఆవిష్కరణకు ఏగ్రే 2003 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకున్నారు. ఒక్కో దారిలోంచి సెకనుకు దాదాపు 300 కోట్ల నీటి అణువులు ఒకదాని వెనుక ఒకటిగా సాగిపోతాయి. అయినా హైడ్రోజన్ అయాన్ అయిన ప్రోటాన్‌ను మాత్రం ఆ దారి దాటనివ్వదు.