రెండు చెంచాడు నూనె?

సందేహం: అమెరికాలో ఉన్న మా అమ్మాయికి వంటలు తెలుగులో రాసి పంపుతుంటాను. "రెండు చెంచాడు నూనె" అని రాస్తే తప్పంటోంది. చెంచాడు అనే మాట ఉంది కదా, ముందు రెండు పెడితే ఏం? కప్పుని సోల అనీ, టేబుల్ స్పూన్‌ని పెద్ద చెంచా అనీ రాయవచ్చా?

సమాధానం: మీ అమ్మాయిదే ఒప్పు. చెంచాడులో 'ఒకటి' లోపలే ఉంది. సోలెడంటే ఒక సోల నిండా పట్టినంత, గుక్కెడంటే ఒక్క గుక్క. అందుకే వాటి ముందు రెండు, మూడు ఇమడవు. 'రెండు చెంచాల నూనె' అనండి, లేదా 'నూనె రెండు చెంచాలు'. మరి "ఒక సోలెడు బియ్యం పొయ్యి" అంటాం కదా అనొచ్చు. అక్కడ 'ఒక' లెక్క కోసం కాదు, 'సుమారుగా' అని చెప్పడానికి. తలా ఒకటి అయితే 'చెంచాడేసి'.

ఈ 'ఎడు' మహా కలుపుగోలు ప్రత్యయం. చారెడు, జానెడు, చెంబెడు సరే, వీశెడు బెల్లం అని తూకానికీ చేరింది. ఇంగ్లీషు గ్లాసు, బకెట్టు మన ఇళ్లలోకి వచ్చి గ్లాసుడు, బకెట్టుడు అయిపోయాయి. కొన్నిచోట్ల గ్లాసెడు, గిలాసెడు. లీటరు మాత్రం దీనికి లొంగలేదు. 'లీటరెడు పాలు' అని ఎవరూ అనగా నేను వినలేదు. 1956 చట్టంతో మెట్రిక్ కొలతలు వచ్చి, 1962 నాటికి తప్పనిసరి అయ్యాయి. మనవాళ్లు లీటరుకి ఎడు తగిలించలేదు గానీ పావు, అర, ముప్పావు చక్కగా తగిలించారు. పాల కొట్లో 250 మిల్లీలీటర్లు అని ఎవరడుగుతారు? పావులీటరు. ఒకటిన్నర అయితే లీటరున్నర.

కప్పుని సోల అనకండి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. ఈ లెక్కన పుట్టికి 5,120 గిద్దలు! పుట్టెడు దుఃఖం అంటే ఎంతో ఇప్పుడు చూడండి. (గిద్దెడు దుఃఖం అని ఎవరూ అనరు, అంత చిన్నదాన్ని చెప్పుకోం.) ఈ వరస బాగానే ఉంటుంది గానీ, అసలు సోల ఎంతన్నది ఊరూరికీ మారేది. మీ ఇంటి ఇత్తడి సోల మీ అమ్మాయి దగ్గర లేదు. ఆమె వంటింట్లో ఉండేది అమెరికా కప్పు, సుమారు 240 మిల్లీలీటర్లు. మెట్రిక్ కప్పయితే 250, అంటే మన పావులీటరే.

ఇక పెద్ద చెంచా. మా ఇంట్లో ఆ మాటకి అర్థం పులుసు కలిపే గరిటె! టీస్పూను, టేబుల్ స్పూను అనే రాయండి, అవి ఇప్పుడు తెలుగు మాటలే. టీస్పూను 5 మిల్లీలీటర్లు, టేబుల్ స్పూను 15, అంటే మూడు టీస్పూన్లు. పదహారు టేబుల్ స్పూన్లయితే కప్పు. ఆస్ట్రేలియాలో మాత్రం టేబుల్ స్పూను 20, అక్కడివాళ్లకి పంపేటప్పుడు గుర్తుంచుకోండి.

నూనె, నీళ్లు ఎలా పోసినా అంచు దాకానే నిలుస్తాయి. కారం అలా కాదు, చెంచా మీద గోపురం కడుతుంది. అక్కడ 'తలకొట్టి రెండు టీస్పూన్లు' అని రాయండి.