‘తెలుసు’ అని రాసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిలు చేత పట్టుకుని చదివాను. మనిషి, జంతువు, యంత్రం తామున్న చోటును ఎలా పోల్చుకుంటాయో, దారి ఎలా పడతాయో తెలుగులో చెప్పాలని నువ్వు పూనుకోవడం నాకు నిజంగా సంతోషం కలిగించింది. నాడీశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, భాషాశాస్త్రం, కంప్యూటర్ విజ్ఞానం ఒకే బల్ల దగ్గర కూర్చుంటే తప్ప తెమలని ప్రశ్న ఇది. జర్మనీలోని బ్రెమెన్, ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయాలు 2003 నుంచి 2014 దాకా ఈ ఒక్క విషయం కోసమే ఉమ్మడి పరిశోధన కేంద్రం నడిపాయంటే, ఇది ఒక శాస్త్రానికి లొంగే పని కాదని నీకు అర్థమవుతుంది.

నా అభ్యంతరం ఒకే ఒక్క మాట మీద. నీ వ్యాసంలో ‘తెలుసు’ అన్న మాట పందొమ్మిది చోట్ల కనిపించింది. చీమకు గూడు తెలుసు, ఎలుకకు దారి తెలుసు, టాక్సీ డ్రైవరుకు ఊరు తెలుసు, రోబోకు గది తెలుసు. ఈ నాలుగు ‘తెలుసు’లూ ఒకటి కావు. అవి ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి అన్నదే ఆ పరిశోధకులు దశాబ్దాలుగా తవ్వుతున్న విషయం. దాన్ని నువ్వు ఒక్క క్రియాపదంతో పూడ్చేశావు.

చీమ సంగతే తీసుకో. సహారా ఎడారి చీమ మేత కోసం వంకరటింకరగా ఎంతో దూరం తిరిగి, దొరికిన పురుగును నోట కరచుకుని, తిన్నగా గూటికి వస్తుంది. ‘ఆశ్చర్యంగా దానికి ఇల్లు తెలుసు’ అని రాసి నువ్వు ముందుకు సాగిపోయావు. అక్కడ ఆగాలమ్మా. 2006లో విట్లింగర్, వెనర్, వుల్ఫ్ అనే ముగ్గురు పరిశోధకులు ఆ చీమలను గూటి నుంచి 10 మీటర్ల దూరంలో పెట్టిన మేత దగ్గరికి నడిపించి, అక్కడ పట్టుకుని, కొన్నింటి కాళ్ళకు పంది వెంట్రుకలు అంటించి పొడుగు చేశారు, కొన్నింటి కాళ్ళు కత్తిరించి పొట్టి చేశారు. తర్వాత వదిలారు. పొడుగు కాళ్ళ చీమలు గూడు ఉండవలసిన చోటు దాటి 15 మీటర్ల దాకా పోయి అక్కడ వెతకడం మొదలుపెట్టాయి. పొట్టి కాళ్ళవి ఆరు మీటర్లయినా నడవకుండానే ఆగి వెతికాయి. అవే చీమలు ఆ మార్చిన కాళ్ళతోనే గూటి నుంచి బయలుదేరి మేతకు వెళ్ళి తిరిగొచ్చినప్పుడు సరైన చోటే ఆగాయి. అంటే చీమ అడుగుల లెక్క పెట్టుకుంటోంది. ఇది రాస్తే పాఠకుడికి చీమ కనిపిస్తుంది, కాలికి అంటించిన వెంట్రుక కనిపిస్తుంది, దానికి తెలిసినది ఏమిటో, తెలియనిది ఏమిటో కూడా కనిపిస్తుంది. ‘ఆశ్చర్యంగా’ అన్న మాటతో నీకు పని ఉండదు.

ఎలుక దగ్గర నువ్వు చేసిన పొరపాటు ఇంకొంచెం సూక్ష్మమైనది. లండన్‌లో జాన్ ఓకీఫ్ 1971లో, తన సహచరుడు దొస్త్రోవ్‌స్కీతో కలిసి, ఎలుక మెదడులోని హిప్పోకాంపస్ అనే భాగంలో కొన్ని కణాలు ఎలుక ఫలానా చోట ఉన్నప్పుడే చురుకవుతాయని చూపించాడు. 2005లో నార్వేలోని ట్రోన్‌హైమ్‌లో మే-బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్‌ల బృందం పక్క భాగంలో గ్రిడ్ కణాలను కనుక్కుంది. 2014లో ఓకీఫ్‌కూ, మోసర్‌లిద్దరికీ నోబెల్ వచ్చింది. ఇంతవరకు సరిగ్గానే రాశావు. ఆ తర్వాత ‘ఎలుక మెదడులో ఒక గడుల పటం పరచి ఉంటుంది’ అన్నావు. మెదడులో అలా ఏమీ పరచి ఉండదు. ఎలుక ఒక విశాలమైన పెట్టెలో అటూ ఇటూ తిరుగుతూ ఉండగా, ఒకే ఒక్క కణం ఎక్కడెక్కడ చురుకైందో నేల మీద చుక్కలు పెట్టుకుంటూ పోతే, ఆ చుక్కలు మన సందు చుక్కల ముగ్గులాగా వస్తాయి. ఏడు చుక్కలు పెట్టి, సందు చుక్క నాలుగు వచ్చేదాకా అని అమ్మలు చెప్పే ముగ్గు గుర్తు తెచ్చుకో. పక్కపక్కనున్న ఏ మూడు చుక్కలను కలిపినా సమానమైన త్రిభుజం వస్తుంది కదా, అచ్చం అదే. ముగ్గు ఉన్నది నేల మీద, ఆ ముగ్గును పెడుతున్నది లోపల ఉన్న ఒక కణం. ఈ తేడా చెప్పకపోతే పాఠకుడు పుర్రె లోపల ఒక కాగితం మడత పెట్టి ఉందనుకుంటాడు. తెలుగులో చదివేవాళ్ళకు సందు చుక్క చేతికి తెలిసిన విషయం. అది వదిలేసి తేనెపట్టు పోలికను ఎక్కడి నుంచో తెచ్చుకున్నావు. తేనెపట్టులో గదులే తప్ప చుక్కలు ఉండవు.

టాక్సీ డ్రైవర్ల గురించి నీకు చెప్పే హక్కు నాకుంది, ఎందుకంటే ఆ విషయంలో నేను తప్పు రాశాను. ఎలనార్ మగ్వైర్ బృందం 2000లో లండన్ టాక్సీ డ్రైవర్ల మెదళ్ళను స్కాన్ చేసిన సంగతి చదివి, ‘దారులు నేర్చుకున్న కొద్దీ మెదడు పెరుగుతుంది’ అని ఒక పత్రికలో రాశాను. ఒక పాఠకుడు పోస్టుకార్డు రాశారు. డ్రైవర్లలో హిప్పోకాంపస్ వెనుక భాగం పెద్దదిగా ఉంది, ముందు భాగం చిన్నదిగా ఉంది, మొత్తం పరిమాణంలో తేడా లేదు, మీరు సగమే చెప్పారు అని. ఆ కార్డు ఇప్పటికీ దాచుకున్నాను. అసలు విషయం నేను రాసినదానికంటే ఎంతో గొప్పది. లండన్ నడిబొడ్డున ఉన్న చేరింగ్ క్రాస్ చుట్టూ ఆరు మైళ్ళలో ఉన్న దాదాపు 25,000 వీధులను కంఠస్థం చేసి, ‘నాలెడ్జ్’ అనే పరీక్షలో నెగ్గితే గాని అక్కడ లైసెన్సు రాదు. ఆ పరీక్షకు తయారవుతున్న 79 మందిని వులెట్, మగ్వైర్ కొన్నేళ్ళు వెంబడించి 2011లో ఫలితాలు చెప్పారు. 39 మంది నెగ్గారు. మొదట్లో అందరి మెదళ్ళూ ఒకేలా ఉన్నాయి, చివరికి నెగ్గినవాళ్ళలోనే ఆ వెనుక భాగం పెరిగింది. అయితే ఒక చిక్కైన బొమ్మను చూసి కాసేపటి తర్వాత గుర్తుకు తెచ్చుకుని గీయమంటే, వాళ్ళే వెనకబడ్డారు. ఆ చివరి వాక్యం నీ వ్యాసంలో లేదు. పెట్టు. ఒకటి పెరిగినప్పుడు ఇంకొకటి ఏమైందో అడగని రచన సగం రచనే.

ఇక భాష. నీ వ్యాసంలో అన్నిటికంటే బలహీనంగా ఉన్నది ఈ భాగమే, మనకు అన్నిటికంటే సంపద ఉన్నదీ ఇక్కడే. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో గూగు యిమిధిర్ మాట్లాడేవాళ్ళు కుడి, ఎడమలతో పని లేకుండా దిక్కులతోనే చోటు చెబుతారని, స్టీఫెన్ లెవిన్సన్ దీన్ని అధ్యయనం చేశాడని రాశావు. నిజమే. మెక్సికోలోని త్సెల్తాల్ భాషవాళ్ళు కొండవాలును బట్టి ‘ఎగువ, దిగువ’ అంటారని కూడా రాశావు. అది చదివి నాకు కష్టం వేసింది. గోదావరి గట్టు మీద ఎవరిని అడిగినా ఎగువ, దిగువలతోనే దారి చెబుతారు కదా, ఆ ఊసు నీ వ్యాసంలో ఎందుకు లేదు? మా నాయనమ్మ ‘దక్షిణపు గోడకున్న గూట్లో కత్తెర ఉంది, తే’ అనేది. ఆమె నోట కుడి, ఎడమలు నేను విన్నది తక్కువ. పొలంలో మళ్ళీ వేరు. అక్కడ కాడికి కట్టిన ఎడ్లలో ఎడమ పక్కది దాపటిది, కుడి పక్కది వలపటిది. కాడి ఎటు తిరిగినా దాపటి ఎద్దు దాపటే. ఒకే ఇంట్లో, ఒకే రోజున, ఇంటి గోడకు దిక్కు, ఎద్దుకు కాడిలో పక్క, కాలువకు ఎగువ దిగువలు! పరిశోధకులు వేరువేరు పద్ధతులుగా విడదీసి చూపేవన్నీ ఒక రైతు నోట ఉదయం నుంచి సాయంత్రంలోపు వినిపిస్తాయి. మన దేశంలోనూ మిశ్రా, దాసెన్ అనే పరిశోధకులు వారణాసిలో సంస్కృత పాఠశాలల పిల్లలు చోటును దిక్కులతో ఎలా చెబుతారో ఏళ్ళ తరబడి పరిశీలించారు. అది చదువు.

అయితే ఇక్కడ తొందరపడి ‘మన భాష వేరు గనుక మన మెదడు వేరు’ అని రాయకు. లెవిన్సన్ బృందం ఒక బల్ల మీద బొమ్మలను వరసగా పేర్చి చూపించి, మనిషిని వెనక్కి తిప్పి, ఇంకో బల్ల మీద అలాగే పేర్చమనేది. డచ్చివాళ్ళు కుడి ఎడమలు నిలిపారు, త్సెల్తాల్‌వాళ్ళు దిక్కు నిలిపారు. 2002లో లీ, గ్లైట్‌మన్ అనే పరిశోధకులు అమెరికా విద్యార్థులతో ఇదే చేయించి, చుట్టూ గుర్తులు మారిస్తే ఆ విద్యార్థుల తీరు కూడా మారుతుందని చూపించారు. వాదం అక్కడితో ఆగలేదు. రెండు వైపులూ చెప్పు, నీ మొగ్గు ఎటో కూడా దాచకుండా చెప్పు. నా మొగ్గు అడిగితే, అలవాటూ భాషా ఒకదాన్నొకటి మోసుకుంటూ పోతాయంటాను.

ఇంకో సంగతి నీకు పూర్తిగా తప్పిపోయింది. ‘వేలికి ఉంగరం’ అంటాం, ‘బల్ల మీద ఉంగరం’ అంటాం. ‘చెట్టుకు కాయలు’, ‘చెట్టు మీద కాకి’. ‘గోడకు పటం’, ‘గోడ మీద బల్లి’. అంటుకుని, పట్టుకుని, వేలాడి ఉన్నదానికి ‘కు’. వచ్చి వాలినదానికి, పెట్టినదానికి ‘మీద’. ఇంగ్లీషులో వీటన్నిటికీ ‘ఆన్’ అన్న ఒకే మాట సరిపోతుంది. కొరియా భాషలో వేలికి ఉంగరం తొడిగినా, క్యాసెట్‌ను దాని డబ్బాలో పెట్టినా, బిగుతుగా పట్టింది గనుక ఒకే క్రియ వాడతారని, పసిపిల్లలు ఆ తేడాను చాలా త్వరగా పట్టుకుంటారని సూన్‌జా చోయ్, మెలిస్సా బోవర్‌మన్ 1991లో రాశారు. ఇప్పుడు దీన్ని యంత్రం ముందు పెట్టు. రెండు ప్రాంతాల మధ్య ఉండగల సంబంధాలను ఎనిమిదిగా తేల్చి, తాకడం, పాక్షికంగా కలవడం, లోపల ఉండడం వంటివాటిని తర్కంతో లెక్కకట్టే పద్ధతిని రాండెల్, ట్సూయ్, కోన్ 1992లో ప్రతిపాదించారు. ఆ లెక్కలో వేలిని ఉంగరం తాకుతోంది, బల్లనూ ఉంగరం తాకుతోంది. ‘కు’ ఎక్కడ, ‘మీద’ ఎక్కడ అన్నది ఆకారం ఒక్కటే చెప్పదు. ఏది దేన్ని పట్టుకుంది, కదిపితే ఏది వెంట వస్తుంది అన్నది కూడా తెలియాలి. సగానికి పైగా బయటికి కనిపిస్తున్న చెంచాను కూడా మనం ‘కప్పులో చెంచా’ అనే అంటాం. ఈ రెండు ప్రత్యయాలతో నువ్వు ఒక పేజీ రాయి. తెలుగులో తప్ప ఇంకెక్కడా రాయలేని పేజీ అవుతుంది.

యంత్రాల భాగంలో నాకు నచ్చినవి ఉన్నాయి. రోబో చక్రాల చుట్లు లెక్కపెట్టుకుంటూ పోతే పొరపాటు పెరుగుతుందన్నావు. దాన్ని చీమ పక్కకు జరుపు. పొడుగు కాళ్ళ చీమ, చక్రం కొలత తప్పుగా రాసుకున్న రోబో ఒకే తప్పు చేస్తాయి. ఆ తర్వాత విడిపోయే చోటు చూపించు: ఇంతకుముందు చూసిన మూలకు మళ్ళీ చేరినట్టు గుర్తించగానే రోబో ఆ క్షణం దాకా వేసుకున్న అంచనాలన్నిటినీ వెనక్కి సవరించుకుంటుంది. 1986లో స్మిత్, చీజ్‌మన్ ఇలాంటి అనిశ్చితిని లెక్కలోకి ఎలా తీసుకోవాలో దారి చూపారు. ఎలుక హిప్పోకాంపస్ పోకడను అరువు తెచ్చుకుని మైఖేల్ మిల్ఫర్డ్, గోర్డన్ వైయత్ 2008లో బ్రిస్బేన్ శివారులో 66 కిలోమీటర్ల రోడ్లను ఒక మామూలు ల్యాప్‌టాప్ కెమెరాతో పటంగా కట్టారు. ఒక శాస్త్రం ఇంకో శాస్త్రానికి పనికివచ్చిందంటే ఇలా ఉంటుంది.

డీప్‌మైండ్ పేరా మాత్రం తిరగరాయాలి. 2018లో ఆ కృత్రిమ మేధ సంస్థ పరిశోధకులు, మెదడు కణాల అల్లికను అనుకరించే కంప్యూటర్ నమూనాకు, అంటే నాడీజాలానికి, దారి లెక్క (కదిలిన తీరును బట్టి తానున్న చోటు లెక్కకట్టడం) నేర్పితే అందులో గ్రిడ్ కణాల వంటివి పుట్టాయని ప్రకటించారు. ‘యంత్రం తనంత తానే ఎలుక మెదడును కనిపెట్టింది’ అని నువ్వు ముగించావు. 2022లో షేఫర్, ఖోనా, ఫీటే అనే పరిశోధకులు చాలా నాడీజాలాలకు అదే పని నేర్పి చూశారు. దారి లెక్క దాదాపు అన్నీ నేర్చుకున్నాయి, గ్రిడ్ ఆకృతి మాత్రం కొన్ని ప్రత్యేకమైన ఏర్పాట్లు ముందే చేసి పెడితే తప్ప రాలేదు. ముగ్గు వచ్చింది నిజమే, కాని చుక్కలు ఎవరు పెట్టారన్నది అడగవలసిన ప్రశ్న.

‘పటం’ అన్న మాటను కూడా ఇలాగే గాలించు. మనస్తత్వవేత్త టోల్మన్ 1948లో ఎలుకల మనోపటం అన్నప్పుడు ఒక అర్థం, ఓకీఫ్ అన్నప్పుడు ఇంకొకటి, రోబో ఇంజనీరుకు అది అంకెల పట్టిక. ఒకే బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు ఒకే మాటతో వేరువేరు సంగతులు చెప్పుకోవడమే ఈ రంగంలో అసలైన ఇబ్బంది. వాళ్ళ మధ్య కూర్చుని ‘మీరన్న పటం ఏది’ అని అడగగలిగేది నీలాంటి రచయితే.

పందొమ్మిది ‘తెలుసు’ల కింద గీతలు గీసి వ్యాసం తిరిగి పంపుతున్నాను. ఒక్కొక్కదాని దగ్గర ఆగి, ఆ ప్రాణి గాని యంత్రం గాని అక్కడ చేసిన పని ఏమిటో రాయి: లెక్కపెట్టింది, పోల్చుకుంది, సవరించుకుంది, గుర్తుపెట్టుకుంది. అంతా అయ్యాక ఎక్కడైనా ఆ మాట తప్పనిసరిగా మిగిలితే దాన్ని అలాగే ఉంచు. వేలికి ఉంగరం పేజీ ముందు రాసి, అది ఒక్కటీ విడిగా పంపించు.

ఆశీస్సులతో.