మార్కెట్ కోపం పిల్లల మీద పోతోంది

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. ఉండేది హన్మకొండ. వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్ వ్యాపారి) దుకాణంలో లెక్కలు రాస్తాను. మిర్చి సీజన్ వచ్చిందంటే రోజుకు ఏడెనిమిది చాయ్‌లు, రాత్రి దాకా ఫోన్లు. ఇంటికొచ్చి పిల్లల మీద ఊరికే అరుస్తున్నాను. రాత్రి రెండింటికే మెలకువ వస్తోంది. మందులు వాడాలా?

జవాబు: ముందు బీపీ, షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే చిరాకు, నిద్రలేమి ఉంటాయి. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు మాత్రం వేసుకోవద్దు.

మార్కెట్‌లో ఎవరొచ్చినా చాయ్ చెప్పాల్సిందే, నిజమే. కానీ అందులోని కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. ఆఖరి చాయ్ మధ్యాహ్నం రెండు లోపే తాగండి. ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి పట్టుకుంటుంది, రెండు రోజులకో కప్పు చొప్పున తగ్గించండి.

దుకాణం నుంచి నేరుగా ఇంట్లో అడుగుపెట్టకండి. దారిలో భద్రకాళి చెరువు కట్ట దగ్గర బండి ఆపి పది నిమిషాలు నడవండి. తర్వాత కూర్చుని, ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు వదలండి. ఐదు నిమిషాలు చాలు. చాలామంది ఛాతీ నిండా గట్టిగా లాగుతారు. అలా చేస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఇది నాకు పడదని అక్కడితో వదిలేస్తారు. పీల్చడం మామూలుగానే ఉండాలి, వదలడమే నెమ్మదిగా. పొట్ట మీద చెయ్యి పెట్టి చూడండి: చెయ్యి లేవాలి, భుజాలు కాదు. కోపం నెత్తికెక్కాక కొత్తగా మొదలుపెడితే ఇది కుదరదు, రోజూ చేస్తేనే అప్పుడు అక్కరకొస్తుంది.

రాత్రి తొమ్మిదింటికి తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం చీటీ) గురించి ఫోనొస్తే మీరు చేయగలిగేదేముంది? పుస్తకాలు దుకాణంలోనే ఉంటాయి కదా! ఎనిమిది దాటాక లెక్కలు రేపే అని మీ సేటుతో మాట్లాడి ఖాయం చేసుకోండి. అన్నం తిన్నాక మర్నాటి పనులు కాగితం మీద పెట్టండి. ‘మిర్చి లెక్క’ అని రాస్తే బుర్ర తిరుగుతూనే ఉంటుంది. ‘పదింటికి మొదట ఫలానా రైతు బకాయి’ అని రాస్తే ఆగుతుంది.

మెలకువ వస్తే గడియారం, ఫోన్ చూడొద్దు. చాలాసేపు నిద్ర పట్టకపోతే లేచి మసక వెలుతుర్లో కూర్చోండి, కళ్లు మూతలు పడ్డాకే మంచమెక్కండి. ఎప్పుడు పడుకున్నా లేచే టైం ఒకటే, ఆదివారమైనా సరే.

పిల్లలకు మాత్రం ఇవాళే చెప్పండి, నిన్న అరిచింది వాళ్ల తప్పుకు కాదని. వాళ్లు తమవల్లే అనుకుంటారు.

మూడు వారాలకూ తేడా లేకపోతే వరంగల్ ఎంజీఎం ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుల్ని కలవండి. బతకాలనిపించని ఆలోచనలు వస్తే ఆ మూడు వారాలు ఆగొద్దు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు వెంటనే ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.