టెక్ సందేహాలు: రాకాసి గూటిలో కెమెరా

ఈ వారం పేజీ మొత్తం తవ్వకాలకే ఇచ్చేశాను. ఒకరికొకరు తెలియని అయిదుగురు పాఠకులు ఇంచుమించు ఒకే చోటు గురించి రాశారు. అది నేలలో కూరుకుపోయిన రాతి గది. మన పల్లెల్లో రాకాసి గుళ్లనీ, పాండవుల గుళ్లనీ పిలిచే ఇనుప యుగపు సమాధి. చుట్టూ గుండ్ల వలయం, మధ్యలో నేల లోపలికి దించిన నాలుగు నిలువు బండలు, అడుగున ఒక బండ, పైన కప్పుబండ. తవ్వేవాళ్లు దీన్ని సిస్ట్ అంటారు. తెలంగాణ, రాయలసీమ, పక్కనున్న కర్ణాటక జిల్లాల్లో ఇలాంటివి చాలానే ఉన్నాయి.

మేం తవ్వుతున్న సమాధి గదిని ఫోన్‌తో 180 ఫోటోలు తీసి, ఫోటోలను కలిపి మోడల్ కట్టే మెష్‌రూమ్ అనే సాఫ్ట్‌వేర్‌లో త్రీడీ మోడల్ చేశాను. బయటి వలయం చక్కగా వచ్చింది. లోపల మాత్రం ఒక్కో గోడ రెండుగా పడింది, ఒక మూల అసలే రాలేదు. మంచి కెమెరా కొనాలా? – పీహెచ్‌డీ విద్యార్థిని, హైదరాబాద్

కెమెరా కొనక్కర్లేదమ్మా. లోపల మీరు కూర్చునే తీరు మారితే చాలు. మీరు పంపిన ఫోటోలను వరసగా తిప్పి చూశాను. గది మధ్యలో కూర్చుని, ఉన్నచోటనే చుట్టూ తిరుగుతూ తీశారు. ఇరుకు గదిలో ఎవరైనా అలాగే తీస్తారు. కానీ సాఫ్ట్‌వేర్‌కు అక్కర్లేనిది సరిగ్గా అదే.

ఒక కన్ను మూసుకుని బొటనవేలు ముందుకు చాపండి. తల అక్కడే ఉంచి చూపు మాత్రం తిప్పితే వేలికీ వెనక గోడకీ మధ్య ఏ తేడా తెలియదు. తలను జానెడు పక్కకు జరిపితే వేలు గోడ మీద జారినట్టు కనిపిస్తుంది. మెష్‌రూమ్ అయినా, అదే పని చేసే మెటాషేప్ అయినా, కోల్‌మ్యాప్ అయినా దూరాన్ని లెక్కగట్టేది ఆ జారుడు చూసే. మీరు తిరిగారు గానీ జరగలేదు. అందుకే దానికి లెక్క కుదరలేదు.

ఈసారి వీపు తూర్పు బండకు ఆనించి పడమటి బండను తీయండి. అరచేతి వెడల్పు పక్కకు జరిగి మళ్లీ తీయండి. ఒక ఫోటోలో ఉన్న దానిలో 70 శాతమైనా తర్వాతి ఫోటోలో కనిపించాలి. నేలకు దగ్గరగా ఒక వరస, నడుము ఎత్తులో ఒకటి, కప్పు కింద కెమెరాను కొంచెం కిందికి వంచి మరొకటి. నాలుగు గోడలకూ ఇదే పని. మీ గది కొలతలు చూస్తే లోపలికే 250 ఫోటోల దాకా పడతాయి. జూమ్ ముట్టుకోవద్దు. అల్ట్రావైడ్ లెన్స్ వద్దు. దగ్గరికి వెళ్లగానే కొన్ని ఫోన్లు తమంతట తామే మాక్రో లెన్స్‌కు మారతాయి, దాన్ని సెట్టింగుల్లో ఆపేయండి. ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మూడింటినీ ప్రో మోడ్‌లో కట్టిపడేయండి.

మూలల దగ్గర ఆగి నాలుగైదు ఎక్కువే తీయండి. 1947లో కర్ణాటకలోని చిత్రదుర్గ జిల్లా బ్రహ్మగిరిలో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ తవ్వినప్పుడు, నాలుగు బండలూ ఒకదాని అంచును దాటుకుంటూ మరొకటి నిలబడి, పైనుంచి చూస్తే స్వస్తిక్ ఆకారంలో కనిపించాయి. పైన మట్టి ఒత్తిడి ఎంతున్నా బండలు లోపలికి కూలకుండా ఒకదాన్నొకటి పట్టుకునే ఏర్పాటు అది. సవ్యంగా తిరుగుతుందా, అపసవ్యంగానా అన్నది మూలలోనే తేలుతుంది. మీ మోడల్‌లో లేకుండా పోయింది సరిగ్గా ఆ మూలే. అది చూసి నాకు నిజంగా బాధ కలిగింది.

ఇక లోపలికీ బయటికీ లంకె. మీ తూర్పు బండకు గుండ్రటి రంధ్రం ఉంది కదా, అదే మీ దారి. బయట రెండడుగుల దూరంలో మొదలుపెట్టి, బెత్తెడు బెత్తెడు దగ్గరికి జరుగుతూ, రంధ్రంలోంచి ఫోన్‌ను లోపలికి పోనిస్తూ 15 ఫోటోలు తీయండి. అవి లేకపోతే సాఫ్ట్‌వేర్ దృష్టిలో లోపలిది ఒక గది, బయటిది ఇంకో గది. మీ గోడలు రెండేసి పడడానికి ఇది రెండో కారణం. బయట ఎండ మండిపోతూ లోపల చీకటిగా ఉంటే ఈ వరస కుదరదు. మబ్బు పట్టినప్పుడో, పొద్దు వాలాకో తీయండి.

కొలత లేని మోడల్ ఎంత అందంగా ఉన్నా బొమ్మే. టోటల్ స్టేషన్‌తో (దూరాలూ కోణాలూ కొలిచే సర్వే పరికరం) లోపలా బయటా కలిపి ఆరు గుర్తులనైనా కొలిచి పెట్టుకోండి. అయిదింటిని సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వండి, ఆరోదాన్ని దాచుకోండి. మోడల్ పూర్తయ్యాక ఆ ఆరోది ఎక్కడ పడిందో చూస్తే తప్పు ఎంతో మిల్లీమీటర్లలో తెలిసిపోతుంది. ఫోన్ జీపీఎస్‌ను మాత్రం దీనికి వాడకండి. బయలులోనే అది మూడు నాలుగు మీటర్లు అటూఇటూ చూపిస్తుంది. మీ గది పొడవే అంత ఉండదు!

అన్నింటికన్నా ముఖ్యం, తీసిన రోజే పరీక్షించడం. తక్కువ నాణ్యతతో ఫోటోలను ఒకసారి జోడించి చూడడానికి మామూలు ల్యాప్‌టాప్ చాలు. పూర్తి మోడల్‌కు మెష్‌రూమ్ ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు అడుగుతుంది, అది తీరిగ్గా ల్యాబ్‌లో చేసుకోవచ్చు. కానీ మూల రాలేదన్న సంగతి ఆ సాయంత్రమే తెలియాలి. మర్నాడు తవ్వే తాపీ దిగితే ఆ పొర ఇక ఉండదు. 1850లలో మెడోస్ టేలర్ అనే ఇంగ్లిష్ అధికారి నేటి కర్ణాటకలోని షోరాపూర్, జేవర్గి ప్రాంతాల్లో సమాధులు తవ్వి, రాళ్లూ మట్టీ ఎముకలూ ఏ లోతులో ఉన్నాయో కోతచిత్రాలు గీసిపెట్టాడు. ఆయన తవ్విన పొరలు ఇప్పుడు లేవు, ఆ చిత్రాలున్నాయి. పరిశోధకులు ఇప్పటికీ వాటినే తిరగేస్తున్నారు.

ఐఫోన్ ప్రోలో లైడార్ ఉంది కదా, ఫోటోలతో ఈ తిప్పలన్నీ ఎందుకు? – బెంగళూరు నుంచి ఒక పాఠకుడు

లైడార్ అంటే లేజర్ వెలుగుతో దూరం కొలిచే సెన్సర్. అయిదు మీటర్ల లోపు దూరాలను క్షణాల్లో కొలుస్తుంది. చీకట్లోనూ పనిచేస్తుంది. స్కానివర్స్ లాంటి ఉచిత యాప్‌తో రెండు నిమిషాల్లో గది ఆకారం చేతికొస్తుంది. ఆ రోజు పని ఎంతవరకు వచ్చిందో గుర్తుంచుకోవడానికి బాగుంటుంది. అయితే తప్పు సెంటీమీటర్లలో ఉంటుంది, ఉలి గాట్లు మైనంలా కరిగిపోయినట్టు వస్తాయి. రోజువారీ డైరీకి లైడార్, రికార్డుకు ఫోటోలు. నేనైతే రెండూ తీస్తాను.

తవ్వకంలో ఫోటోలు తీసే పని నాది. ఫోన్‌లో చూస్తే ఒక్కో ఫోటో అదిరిపోతోంది. మా సార్ మాత్రం ‘ఇవి రికార్డుకు పనికిరావు’ అంటున్నారు. తప్పెక్కడ? – ఎం.ఏ. విద్యార్థి, కర్నూలు

తప్పు మీది కాదు, ఫోన్‌ది. సార్ మాట మాత్రం నిజం. మీరు పంపిన కుండ ఫోటోను పెద్దది చేసి చూశాను. అది నలుపు-ఎరుపు పాత్ర. మూతి అంచు నల్లగా, కింద పొట్ట ఎర్రగా ఉంది. ఆ రెండు రంగులూ కలిసే చోట సన్నటి గోధుమ రంగు పట్టీ ఉండాలి. కుండను ఆవంలో ఎలా బోర్లించారో, గాలి ఎక్కడిదాకా తగిలిందో చెప్పేది ఆ పట్టీయే. మీ ఫోటోలో అది లేదు. నలుపును మరింత నలుపు చేసి, ఎరుపును మరింత ఎరుపు చేసి, మధ్యలో ఉన్నదాన్ని ఫోన్ మింగేసింది. మూతి దగ్గరున్న సన్నటి పగులు కూడా రెండు చోట్ల పూడిపోయింది. ఫోటోలో పడే చుక్కల మసకను (నాయిస్) తగ్గించే పేరుతో ఫోన్ చర్మాన్ని నున్నగా చేసినట్టే మట్టినీ నున్నగా చేస్తుంది.

సీన్ ఆప్టిమైజర్, బ్యూటీ, ఫిల్టర్లు, నైట్ మోడ్ అన్నీ ఆపేయండి. ఫోన్‌లో రా ఫార్మాట్ (ఫోన్ మెరుగులు దిద్దని ముడి ఫోటో) ఉంటే ఆన్ చేయండి. అలా వచ్చే డీఎన్‌జీ ఫైల్ పెద్దదే, పెద్దదైనా ఉంచండి. తర్వాత రంగులు సరిచూసుకోవడానికి ఒక్కో వరసలో మొదటి ఫోటోలో గ్రే కార్డు గానీ కలర్ చార్టు గానీ పెట్టండి. స్కేలు, ఉత్తర దిక్కు బాణం ప్రతి రికార్డు ఫోటోలోనూ ఉండాలి. ఆ బాణాన్ని ఫోన్ దిక్సూచితో పెడుతుంటే ముందు అయస్కాంతం ఉన్న కవర్ తీసేయండి. అది దిక్కునే మార్చేస్తుంది.

మీ ఫోటోలన్నింటిలో బండలు నీలంగా కనిపిస్తున్నాయి. పైన నీలం పట్టా కట్టారా? తొంభై పాళ్లు అదే కారణం. ఎండ ఆ పట్టాలోంచి దిగి రాయికీ మట్టికీ ఎముకకూ అన్నింటికీ నీలం పులుముతుంది, తర్వాత ఎంత సరిచేసినా పూర్తిగా పోదు. తెల్ల గుడ్డ కట్టండి. పాత పంచె అయినా సరే.

వెలుగు సంగతి కూడా చెప్పాలి. త్రీడీ మోడల్‌కు మెత్తటి, నీడలు పడని వెలుగు కావాలి. అదే బండ మీది ఉలి గాట్లకో, చిన్న గుంటలకో అయితే దానికి పూర్తి వ్యతిరేకం. ఎల్‌ఈడీ దీపాన్ని బండకు దాదాపు ఆనించి, పక్కనుంచి ఏటవాలుగా వేయండి. ఎదురుగా ఫ్లాష్ కొడితే గోడ నున్నగా కనిపిస్తుంది. అదే గోడకు పక్కనుంచి దీపం పెడితే ప్రతి ఉలి దెబ్బా తన నీడతో లేచి నిలుస్తుంది. మొదటిసారి చూసినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది, ఆ రాయిని చెక్కిన చెయ్యి ఎటు నుంచి ఎటు కదిలిందో తెలుస్తుంది మరి. ట్రెంచ్ (తవ్విన గుంత) గోడలో పొరలు కనిపించకపోతే తాపీతో సన్నగా గీకి, మొక్కలకు కొట్టే స్ప్రేతో నీళ్లు చిలకరించి, తడి ఆరకముందే తీయండి. దానికి ముందు సార్‌ను అడగండి. నమూనాలు తీయాల్సిన చోట నీళ్లు తగలకూడదు.

మా చేనులో జేసీబీతో గట్టు తీస్తుంటే పెద్ద బండ, దాని కింద గది లాంటిది బయటపడ్డాయి. వీడియో తీసి ఊరి గ్రూపులో పెట్టాలనుకుంటున్నాం. వాట్సాప్‌లో క్లారిటీ తగ్గకుండా ఎలా పంపాలి? – రైతు కుటుంబం, సిద్దిపేట జిల్లా

ముందు జేసీబీ ఆపండి. తర్వాత, దయచేసి ఆ వీడియో గ్రూపులో పెట్టకండి. గుప్తనిధుల పిచ్చితో రాత్రికి రాత్రి ఇలాంటి సమాధులను పెకలించేవాళ్లున్నారు. వాళ్లకు దొరికేది కుండలు, ఎముకలు, తుప్పు పట్టిన ఇనుము. మనకు పోయేది మాత్రం తిరిగి రాదు. మీ జిల్లాలోనే నర్మెట్టలో 2017లో ప్రభుత్వ పురావస్తు శాఖ ఇలాంటి సమాధినే తవ్వింది. దాని కప్పుబండ 40 టన్నుల పైమాట, క్రేన్‌తో లేపాల్సి వచ్చింది. మీ చేనులో ఉన్నది కూడా ఆ కోవకు చెందినదే కావచ్చు.

మీరు అడిగిన క్లారిటీ సంగతి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, అందులో దాగి ఉన్న లొకేషన్, తేదీ వివరాలూ పోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే అసలు ఫైలే వెళ్తుంది, లొకేషన్‌తో సహా. అందుకే తహసీల్దారుకో, పురావస్తు శాఖ అధికారికో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి. ఇంకెవరికైనా చూపించి తీరాలంటే కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేసి, చెట్టూ గుట్టా విద్యుత్ స్తంభం కనిపించకుండా తీసిన ఫోటో మాత్రమే ఇవ్వండి. చోటు గుర్తు కోసం గూగుల్ మ్యాప్స్‌లో అక్కడ వేలితో నొక్కి పట్టుకుంటే అంకెలు వస్తాయి. చుక్క తర్వాత అయిదు అంకెలదాకా రాసుకుంటే చాలు.

నాలుగు దిక్కుల నుంచీ నాలుగు, దగ్గరగా రెండు మూడు ఫోటోలు తీయండి. టేపు లేకపోతే ఏ4 కాగితం పెట్టండి, అది 29.7 సెంటీమీటర్ల పొడవు, 21 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుందని అందరికీ తెలుసు. కుండ పెంకుల పక్కన పది రూపాయల బిళ్ల పెట్టండి, అడ్డం 27 మిల్లీమీటర్లు. గదిలోకి ఎవరూ దిగొద్దు, పిల్లలను అసలే దించొద్దు. బండ కదిలి ఉంటుంది, పాములూ ఉంటాయి. మీరే తవ్వి చూడడానికి చట్టం ఒప్పుకోదు. దొరికిన వస్తువుల సంగతి కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టమే చెబుతోంది. కంగారు పడాల్సిన పని లేదు, చెప్పకుండా దాస్తేనే చిక్కు.

మూడు నెలల తవ్వకంలో 11 వేల ఫోటోలు పోగయ్యాయి. నలుగురి ఫోన్లలో ఉన్నాయి. ఎలా సర్దాలి? – తవ్వకం బృందం సభ్యుడు, నల్లగొండ

ముందు నాలుగు ఫోన్ల గడియారాలూ ఒకటేనా చూడండి. పది నిమిషాల తేడా ఉన్నా వరస తప్పుతుంది. ఫైలు పేరు ఇంగ్లిష్ అక్షరాలు, అంకెల్లోనే పెట్టండి. ఊరి సంకేతం, ఏడాది, ట్రెంచ్, పొర, వరస సంఖ్య ఉంటే చాలు. కొన్ని త్రీడీ సాఫ్ట్‌వేర్లు తెలుగు పేర్లున్న ఫోల్డర్లను తెరవలేక మొరాయిస్తాయి. గూగుల్ ఫోటోస్‌లో ‘స్టోరేజ్ సేవర్’ ఉంటే ‘ఒరిజినల్ క్వాలిటీ’కి మార్చండి, లేదంటే పెద్ద ఫోటోలను అది కుదించేస్తుంది. రెండు హార్డ్ డిస్కుల్లో రెండు కాపీలు, ఆన్‌లైన్‌లో ఒకటి ఉండాలి. రెండు డిస్కులూ ఒకే సంచిలో పెట్టుకుని తిరగొద్దు. రెండు చోట్లా కాపీ అయిందని తెరిచి చూసుకున్నాకే ఫోన్‌లోంచి తీసేయండి.

ఒక చిన్న నోటుబుక్ కూడా పెట్టుకోండి. ఫోటో సంఖ్య, ఎటు చూస్తూ తీశారు, అందులో ఏముంది, ఎవరు తీశారు అన్నవి అక్కడికక్కడే రాయండి. 11 వేల ఫోటోల్లో ‘ఉత్తరపు బండ, లోపలి వైపు’ ఏదో ఫైలు పేరు చెప్పలేదు, ఆ నోటుబుక్కే చెబుతుంది. సాయంత్రం పని ముగిశాక ఆనాటి పేజీని కూడా ఫోటో తీసి అదే ఫోల్డర్‌లో వేసేయండి.