విండోస్ 7 బ్యాకప్‌లో ఉన్న కార్డుల ఫైళ్లు, ట్యాలీ డేటా కొత్త కంప్యూటర్‌లోకి ఎలా తెచ్చుకోవాలి?

ప్రశ్న: పాలకొల్లులో శుభలేఖల ప్రెస్ మాది. పాత విండోస్ 7 కంప్యూటర్ బోర్డు కాలిపోయింది. 1 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో 400 జీబీ బ్యాకప్ ఉంది. కొత్త విండోస్ 11 కంప్యూటర్‌కి పెడితే లోపల వందల కొద్దీ జిప్ ఫైళ్లు కనిపిస్తున్నాయి. విడిగా కాపీ చేసి ఉంచిన పేజ్‌మేకర్ (కార్డులు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్) ఫైళ్లు తెరిస్తే తెలుగు బదులు పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. కొన్ని ఫోల్డర్లు అసలు తెరుచుకోవడం లేదు. ట్యాలీ లెక్కలు కూడా కావాలి.

సమాధానం: ముందుగా ఒక మాటండి. పాత కంప్యూటర్ పోయింది కాబట్టి మీ పనంతటికీ ఇప్పుడు మిగిలిన ఒకే ఒక్క కాపీ ఆ డిస్క్. అందులోంచి కాపీ చేసుకోండి, అంతే. కట్ చేయడం, పేర్లు మార్చడం, చోటు కోసం ఏదో తీసేయడం వద్దు. పెట్టగానే "ఫార్మాట్ చేయాలి" అని అడిగితే క్యాన్సిల్ కొట్టి కేబుల్ మార్చి చూడండి, వదులైన కేబుల్‌కీ అలాగే అడుగుతుంది. మన వైపు గాలిలో తేమ ఎక్కువ, నరసాపురం దాటి సముద్రం వైపు వెళ్తే ఉప్పుగాలి కూడా. బీరువాలో ఏడాది పడి ఉన్న డిస్క్ పిన్నులకి చిలుము పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో తుడిచి, బాగా ఆరాక పెట్టండి. డిస్క్ టిక్ టిక్‌మంటుంటే మాత్రం వెంటనే తీసేయండి. డిస్క్ తప్పులు సరిచేసే విండోస్ సాధనం చెక్‌డిస్క్ నడపొద్దు, అది డిస్క్ మీద రాస్తుంది. అలాంటప్పుడు డేటా రికవరీ వాళ్ల దగ్గర ముందు డిస్క్ మొత్తానికి నకలు తీయించుకోవాలి.

నీలం రంగు యూఎస్‌బీ పోర్టుకి పెట్టండి. అందులో సెకనుకి 100 ఎంబీ వచ్చినా 400 జీబీకి గంటా పది నిమిషాలు పడుతుంది. నల్లటి పాత పోర్టులో 30 ఎంబీ దాటడం కష్టం, దాదాపు నాలుగు గంటలు. చిన్న చిన్న ఫైళ్లు లక్షల్లో ఉంటే ఇంకా ఆలస్యం. డెస్క్‌టాప్ యూపీఎస్ అంతసేపు ఆగదు, కాబట్టి ఉరుములు మెరుపులున్న రోజున, కరెంటు కోత వేళల్లో మొదలుపెట్టకండి.

కొత్త కంప్యూటర్లో సాధారణంగా సి డ్రైవ్ ఒక్కటే ఉంటుంది. విండోస్‌లోనే ఉండే డిస్క్ మేనేజ్‌మెంట్ అనే సాధనంలో సి మీద రైట్ క్లిక్ చేసి, ష్రింక్ వాల్యూమ్‌తో 500 జీబీ విడదీసి డి డ్రైవ్ చేయండి. అక్కడ ఎంబీల్లో అడుగుతుంది, 512000 అని కొట్టాలి. ఫైళ్లన్నీ అందులోకే తేవాలి. డాక్యుమెంట్స్‌లో పోస్తే వన్‌డ్రైవ్ వాటిని ఇంటర్నెట్‌లోకి ఎక్కించబోతుంది, దాని ఉచిత జాగా 5 జీబీయే. ఇంకో కారణం కూడా ఉంది. పేజ్‌మేకర్ పెద్ద బొమ్మలను ఫైల్లో దాచుకోకుండా వాటి చిరునామానే గుర్తుపెట్టుకోవచ్చు. పాత కంప్యూటర్లో బొమ్మలు డి డ్రైవ్‌లో ఏ ఫోల్డర్లో ఉండేవో, ఇక్కడా అదే అక్షరం, అదే ఫోల్డర్ పేరు ఉంటే లింకులు తెగవు.

ఇక జిప్‌ల సంగతి. వాటిని చేత్తో విప్పకండి. ఒకే ఫోల్డర్లోని ఫైళ్లు వేర్వేరు జిప్‌లలో చెల్లాచెదురుగా ఉంటాయి. పైగా మొదటిసారి తప్ప ఆ తర్వాతి బ్యాకప్‌లలో మారిన ఫైళ్లే ఉంటాయి, ఏది కొత్తదో తేల్చుకోలేరు. కంట్రోల్ ప్యానెల్‌లో బ్యాకప్ అండ్ రిస్టోర్ విండోస్ 11లోనూ ఉంది, పక్కన విండోస్ 7 అని రాసి ఉంటుంది. అందులో "సెలెక్ట్ అనదర్ బ్యాకప్ టు రిస్టోర్ ఫైల్స్ ఫ్రమ్" నొక్కితే మీ డిస్క్ కనిపిస్తుంది. బ్రౌజ్ ఫర్ ఫోల్డర్స్‌తో కావలసినవి ఎంచుకుని, పాత చోటికి కాకుండా డి డ్రైవ్‌లోని కొత్త ఫోల్డర్‌కి పంపండి. పైన చెప్పిన బొమ్మల ఫోల్డర్లను మాత్రం తర్వాత అక్కడినుంచి డి డ్రైవ్‌లో వాటి పాత చోటికి కాపీ చేసుకోండి. "ఒరిజినల్ సబ్‌ఫోల్డర్స్" అన్న చోట టిక్ తప్పకుండా పెట్టండి. పాత కంప్యూటర్ పేరున్న ఫోల్డర్‌ని గానీ, మీడియాఐడీ అనే చిన్న ఫైల్‌ని గానీ కదిలించి ఉంటే డిస్క్‌ని గుర్తుపట్టదు.

ఇక్కడే ఒక గండం ఉంది. బ్యాకప్ పెట్టిన రోజున "విండోసే ఎంచుకుంటుంది" అన్న దాన్ని వదిలేసి ఉంటే, జిప్‌లలో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ వంటివే పడతాయి. విండోస్ ఫోల్డర్లోని ఫాంట్లు, సి డ్రైవ్‌లో నేరుగా ఉన్న ట్యాలీ ఫోల్డర్ అందులో ఉండవు. కంగారు పడకండి, డిస్క్‌లో విండోస్‌ఇమేజ్‌బ్యాకప్ అనే ఫోల్డర్ ఉందేమో చూడండి. లోపల వీహెచ్‌డీ ఫైల్ (పాత డ్రైవ్ మొత్తానికి నకలు) ఉంటే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో యాక్షన్, అటాచ్ వీహెచ్‌డీ. రీడ్ ఓన్లీకి టిక్ పెట్టి తెరిస్తే పాత సి డ్రైవ్ మొత్తం కళ్లముందు ఉంటుంది.

పిచ్చి అక్షరాలు వచ్చాయంటే ఫైలు పాడైందని కాదు. ప్రెస్సుల్లో తెలుగుకి వాడే అను ఫాంట్లు యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి) కావు, ఇంగ్లిష్ అక్షరాల గళ్లలో తెలుగు ముక్కలు పెట్టి చేసినవి. ఫాంట్ లేకపోతే ఆ గళ్లలోని అసలు గుర్తులే బయటపడతాయి. ఫైలు తెరిచినప్పుడు పేజ్‌మేకర్ ఫాంట్లు లేవంటూ ఒక పట్టిక చూపిస్తుంది. అందులో టెంపరరీనే ఉంచండి. పర్మనెంట్ పెట్టి సేవ్ చేస్తే ఏ మాటకి ఏ ఫాంటో ఆ గుర్తు చెరిగిపోతుంది, తర్వాత ఫాంట్లు వేసినా పేరాలన్నిటికీ మళ్లీ చేత్తో పెట్టుకోవాలి. అను మీ లైసెన్స్ సీడీ నుంచి వేసుకోండి. పాతది 6 అయితే 6నే, 7 అయితే 7నే, రెండింటి అక్షరాల అమరిక వేరు. విడి ఫాంట్లయితే అన్నీ ఎంచి రైట్ క్లిక్‌లో ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్.

ట్యాలీలో డేటా ఫోల్డర్ కింద 10000, 10001 లాంటి అంకెల ఫోల్డర్లు ఒక్కోటి ఒక్కో కంపెనీ. వాటిని ఫోల్డర్లతో సహా డి డ్రైవ్‌లోకి తెచ్చి, ట్యాలీలో డేటా పాత్ అక్కడికి మార్చండి. ట్యాలీ పాత వెర్షన్ అయిన ఈఆర్‌పీ 9 బ్యాకప్ టీబీకే900.001 అన్న పేరుతో ఉంటుంది. పేరు మార్చకుండా ట్యాలీలోని రిస్టోర్‌తోనే తీయాలి. కొత్త వెర్షన్ ట్యాలీ ప్రైమ్‌లో తెరిచేటప్పుడు డేటాని మైగ్రేట్ చేయమంటుంది, అంటే కొత్త రూపంలోకి మార్చమంటుంది. ఒకసారి మారాక పాత వెర్షన్‌లో తెరుచుకోదు, అందుకని ముందు ఇంకో కాపీ తీసి పక్కన పెట్టాకే ఒప్పుకోండి.

తెరుచుకోని ఫోల్డర్లకి కారణం పాత కంప్యూటర్‌లోని యూజర్ పేరు మీద ఉన్న హక్కులు. పేరు అదే పెట్టినా కొత్త విండోస్‌కి ఆ మనిషి వేరే మనిషే. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, విండోస్‌లోనే ఉండే రోబోకాపీ (robocopy) అనే కాపీ కమాండ్ వాడితే డిస్క్ మీద హక్కులేవీ మార్చకుండానే చదువుతుంది. కమాండ్ తర్వాత ఎక్కడినుంచి, ఎక్కడికి అన్నవి కొటేషన్లలో రాసి, చివర స్లాష్ ఇ, స్లాష్ బి, స్లాష్ ఎక్స్‌జె, స్లాష్ ఆర్ కోలన్ 1, స్లాష్ డబ్ల్యూ కోలన్ 1 (/E /B /XJ /R:1 /W:1) చేర్చండి. ఆఖరి రెండూ లేకపోతే చదవలేని ఒక్క ఫైలు దగ్గర పదిలక్షల సార్లు, సారికి 30 సెకన్లు ఆగి ప్రయత్నిస్తూ కూర్చుంటుంది. మధ్యలో కరెంటు పోయినా అదే కమాండ్ మళ్లీ కొడితే పూర్తయినవి వదిలేసి మిగతావే తెస్తుంది. స్లాష్ ఎమ్‌ఐఆర్ వాడమని ఎవరైనా చెబితే వద్దనండి, అవతల ఉన్న అదనపు ఫైళ్లను తుడిచేస్తుంది. పేరు ఆకుపచ్చగా కనిపించే ఫైళ్లు ఎన్‌క్రిప్ట్ అయినవి, అంటే రహస్య తాళం పడినవి. పాత కంప్యూటర్‌లోని తాళంచెవి లాంటి సర్టిఫికెట్ లేకుండా ఏ దారిలో తెచ్చినా తెరుచుకోవు.

నేరుగా కాపీ చేసినవాటికి రెండు వైపులా ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ల సంఖ్య, బైట్లు ఒకటేనా చూడండి. సైజ్ ఆన్ డిస్క్ తేడా వస్తే పట్టించుకోనక్కర్లేదు. తర్వాత అన్నిటికంటే పాత కార్డు ఒకటి, అన్నిటికంటే పెద్ద ఫైలు ఒకటి, తెలుగు పేరున్న ఫైలు ఒకటి తెరిచి ప్రింట్ ప్రివ్యూ దాకా వెళ్లి చూడండి.

అంతా బాగుందనిపించాక డి డ్రైవ్‌ని వేరే కొత్త డిస్క్‌కి కాపీ తీయండి. పాత డిస్క్‌ని మాత్రం సిలికా జెల్ పొట్లంతో గాలి దూరని డబ్బాలో పెట్టి, మాఘం ముహూర్తాలు గడిచేదాకా ముట్టుకోకండి. "అన్నయ్య పెళ్లికి వేసిన కార్డే మాకూ వేయండి" అని ఎవరో ఒకరు వచ్చినప్పుడే, ఏ ఫైలు రాలేదో, ఏ ఫాంట్ తప్పిందో బయటపడేది.